బెంగళూరు చలిలో పామ్ చెట్లు: ఆకు పోయినా ఫర్వాలేదు, మొవ్వు పోకూడదు

నీళ్ళు గడ్డకట్టేంత చలి బెంగళూరు రికార్డుల్లోనే లేదు. వాతావరణ శాఖ లెక్కల్లో ఈ ఊరి అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి నాటి మాట. ఇప్పుడు తెల్లవారుజామున 12కో 13కో దిగితే చాలు, స్వెట్టర్లు బయటికొస్తాయి. అయినా సంక్రాంతి దాటేసరికి ఏ అపార్టుమెంటు ఆవరణలో చూసినా రెండు మూడు పామ్ చెట్లు ఆకులు గోధుమరంగు తిరిగి, నడిమధ్య కొత్త ఆకు విచ్చుకోకుండా బిగుసుకుని కనిపిస్తాయి. మాలి ఒకసారి పైకి చూసి "చలి కొట్టింది సార్" అని కత్తి తీస్తాడు. వాటిలో చలి నేరుగా చంపేవి తక్కువ. చలిలో పోసిన నీళ్ళు చంపేవి ఎక్కువ. ఆ కత్తి చంపేవీ కొన్ని ఉంటాయి.

మామిడి కొమ్మ విరిగితే పక్కన ఇంకో చిగురు వేస్తుంది. కొబ్బరికీ తాటికీ ఆ వీలు లేదు. కాండం కొసన, మట్టల మొదళ్ళ నడుమ దాక్కున్న మొవ్వు ఒక్కటే వాటి పెరుగుదల అంతటికీ ఆధారం. అది కుళ్ళితే పైన పచ్చటి మట్టలు ఇంకా నెలల తరబడి నిలబడి ఉన్నా చెట్టు పోయినట్టే. ఇంకొక ఇబ్బంది కాండానిది. వేప, రావి లాగా పామ్ కాండం ఏటేటా లావెక్కి గాయాన్ని పూడ్చుకోదు. నిచ్చెన ఆనించినప్పుడు పడ్డ గాటు, లైటు కోసం కొట్టిన మేకు తాలూకు రంధ్రం చెట్టున్నన్నాళ్ళూ అలాగే ఉంటాయి. అరెకా, రాఫిస్ లాంటి గుబురు జాతులు కొంత నయం. పిలక పిలకకీ విడి మొవ్వు ఉంటుంది గనక, ఒకటి పోయినా పక్కది నిలుస్తుంది. ఒంటి కాండం ఫాక్స్‌టెయిల్, రాయల్, బాటిల్ పామ్‌లకి రెండో అవకాశం ఉండదు.

చలి విషయంలో పామ్ చెట్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల్లో ఎర్ర కాడలతో కళ్ళు తిప్పుకోనివ్వని లిప్‌స్టిక్ పామ్ ఉంటుంది చూడండి, దాని సొంత ఊరు మలయా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు. రాత్రి 15 దిగిందంటే పెరగడం ఆపేస్తుంది. 10కి దగ్గరైతే ఆకులు మాడడం మొదలు. చెన్నైలో బాల్కనీ నిండా పెరిగిన మొక్కని సామాన్లతో పాటు లారీలో బెంగళూరు తెచ్చుకునేవాళ్ళు మొదటి డిసెంబర్లోనే బెంబేలెత్తేది దీనితోనే. కొబ్బరికి 27 డిగ్రీల సగటు వేడి ఇష్టం. బెంగళూరు రాత్రులు దాన్ని చంపవు గానీ, కొత్త మట్ట రావడం నెమ్మదిస్తుంది, పిందె రాలడం పెరుగుతుంది. రాయల్, ఫాక్స్‌టెయిల్, నర్సరీ వాళ్ళు అరెకా అని అమ్మే మడగాస్కర్ మొక్క, ఇవన్నీ సున్నా దగ్గరికొస్తే తప్ప ప్రాణం మీదికి తెచ్చుకోవు. మన అసలు వక్క చెట్టు వేరు. దానికి 14 డిగ్రీల కింద సుఖం ఉండదు.

అసలు గట్టివి మన చెరువు గట్ల మీదివే. ఈత చెట్టు మైనస్ 6 దాకా తట్టుకుంటుంది, ఉత్తరాది మైదానాల్లో తెల్లగా మంచు పట్టిన పొలాల మధ్య నిక్షేపంగా నిలబడుతుంది. హిందూపురం వైపు ఎకరం కొని ఫామ్‌హౌస్ ముందర విదేశీ పామ్‌లు వరసగా నాటించేవాళ్ళు, ఆ స్థలం గట్టున ముందునుంచీ ఉన్న ఈత చెట్లను కొట్టించడం చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. చక్కగా మట్టలు సర్ది, పాదు చేసి వదిలితే ఈతకు మించిన అందం ఏ నర్సరీలోనూ దొరకదు. ఇక మన దేశంలోనే, ఉత్తరాఖండ్‌లోని కుమావ్ కొండల్లో, మంచు కురిసే చోట పుట్టిన పామ్ జాతి కూడా ఒకటుంది. గట్టి చలిని తట్టుకునే విండ్‌మిల్ పామ్‌కి దగ్గరి చుట్టం. కాబట్టి పామ్ అంటే ఉష్ణమండలమే అనుకోనక్కర్లేదు. పైన సైకాస్ పేరు రాలేదేమని అడగకండి, సాగో పామ్ అని పిలిచినా అది పామ్ కాదు.

ఇక నీళ్ళు.

చల్లబడ్డ మట్టిలో పామ్ వేళ్ళు దాదాపు నిద్రపోతాయి. నీళ్ళు పీల్చడం తగ్గిపోతుంది. కానీ పైపు పట్టుకున్న చెయ్యి మాత్రం మే నెల లెక్కే పాటిస్తుంది. ఆ నీళ్ళు ఎక్కడికీ పోక వేళ్ళ చుట్టూ నిలుస్తాయి, గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయి, కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు గనక పైన ఆకు ఎండుతుంది. ఎండిన ఆకుని చూసి ఇంకో బకెట్టు పోస్తారు. 14 అంగుళాల కుండీలో ఉన్న అరెకాకి వేసవిలో రోజు మార్చి రోజు 2 లీటర్లు పోస్తుంటే, డిసెంబరు, జనవరిల్లో 4, 5 రోజులకొకసారి లీటరున్నర చాలు. రోజులు లెక్కపెట్టుకోవడం కంటే వేలు నమ్మకమైనది. మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి పైపు ముట్టుకోకండి. కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు అరగంటలో పారబోయాలి. చిత్తడి నేలలో పుట్టిన లిప్‌స్టిక్ పామ్‌కి మాత్రం మట్టి ఎప్పుడూ ఆరకూడదు. ఆ ఒక్కదానికీ ఈ పొదుపు వర్తించదు.

పోసే వేళ కూడా ముఖ్యం. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు పోస్తే రాత్రికి పైమట్టి కాస్త ఆరుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో రాత్రంతా చల్లారిన నీళ్ళు ఆరింటికే పోయడం కంటే, బోరు నుంచి అప్పుడే వచ్చిన గోరువెచ్చటి నీళ్ళు మేలు. సాయంత్రం పూట పైపు తలెత్తి మొవ్వులోకి చిమ్మడం మాత్రం మానెయ్యాలి. మట్టల మధ్య గిన్నెలా ఉన్న చోట నీళ్ళు తెల్లార్లూ నిలిచి, 13 డిగ్రీల చలిలో ఆరక, శిలీంద్రానికి పక్క పరిచినట్టవుతుంది.

పోడియం తోటల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే బెంగళూరు అపార్టుమెంట్లలో చాలా పామ్‌లు నేలలో లేవు, పార్కింగ్ స్లాబు మీద రెండు మూడు అడుగుల మట్టిలో ఉన్నాయి. కింద నీళ్ళు జారిపోయేందుకు పరిచే ప్లాస్టిక్ డ్రైన్ సెల్, దాని మీద గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్, ఒక మూల నీళ్ళు బయటికి పోయే గొట్టం. నాలుగైదేళ్ళలో ఆ గొట్టం నోట్లోకి వేళ్ళు దూరి బిరడా కొట్టేస్తాయి. వేసవిలో ఎండ లాగేస్తుంది కాబట్టి బయటపడదు, చలికాలంలో పడుతుంది. చెట్టుకి రెండడుగుల దూరంలో గడ్డపారతో అడుగు లోతు గుంట తీసి, మట్టి పిడికెడు తీసి వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసనొస్తే ఎరువుల గురించి ఆలోచించడం మానేసి, ఆ మూల గొట్టం మూత తీయించి వేళ్ళు కోయించండి. నీళ్ళు మానేసి రెండు వారాలు ఆరనివ్వాలి. ఆ మట్టి ఆరకుండా పై మందులు ఎన్ని కొట్టినా డబ్బు దండగే.

పెద్ద అపార్టుమెంట్లలో తోటకి పోసేది ఎస్‌టీపీ నీళ్ళు, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చేవి. శుద్ధి చేసినవే అయినా లవణాలు పోవు. చలికాలం వానలు లేక అవి మట్టిలో పేరుకుంటాయి, ఆకు కొసలు సన్నగా, సమంగా గోధుమరంగు తిరుగుతాయి. దీన్ని చలి అనుకుంటారు. కుండీల్లో అయితే ఫిబ్రవరిలో ఒక ఎండ రోజు చూసుకుని, కుండీ పరిమాణానికి మూడింతల మంచి నీళ్ళు నెమ్మదిగా పోసి అడుగు నుంచి పోనివ్వండి. ఆ తర్వాత మట్టి ఆరేదాకా నీళ్ళు వద్దు.

ఎరువు దగ్గర తొందర ఎక్కువ. ఆకు పసుపెక్కింది, యూరియా వెయ్యి అనే మాట జనవరిలో ఎవరన్నా అంటే వినకండి. చల్లటి మట్టిలో వేరు దాన్ని తీసుకోదు. తీసుకున్నా వచ్చే లేత ఆకు చలికి ముందు వరసలో నిలబడుతుంది. చలికి ముందు చెట్టుకి కావాల్సింది పొటాష్. అది దసరా, దీపావళి మధ్యలో పడాలి. ఎనిమిది, పదడుగుల అలంకార పామ్‌కి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 150 నుంచి 200 గ్రాములు, దానికి మూడో వంతు మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, కాండాన్ని ఆనకుండా ఆకుల నీడ పడేంత మేర చల్లి, పైపైన మట్టి కలిపి తడపాలి. మెగ్నీషియం ఎందుకంటే, ఒక్క పొటాషే గుమ్మరిస్తే వేరు మెగ్నీషియంని వదిలేస్తుంది. కాయనిచ్చే కొబ్బరి లెక్క వేరు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెట్టుకి ఏడాదికి 1.3 కిలోల యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 50 కిలోల పశువుల ఎరువు రెండు దఫాలుగా వెయ్యమంటుంది. రెండో దఫా వాళ్ళకి డిసెంబరు, జనవరిలో పడుతుంది. కోయంబత్తూరు కొబ్బరికి అది సరే. బెంగళూరు పెరట్లో అదే దఫాని అక్టోబరుకే జరుపుకోండి.

పాదు కప్పడం చౌకైన రక్ష. కొబ్బరికి 1.8 మీటర్ల వ్యాసార్ధం పాదులో, వందదాకా కొబ్బరి డొప్పలు గుండ్రటి వీపు పైకి వచ్చేట్టు బోర్లించి పేర్చవచ్చు. లేదంటే కొబ్బరి పొట్టు 10 సెంటీమీటర్ల మందం. రాత్రి మట్టి వేడి చప్పున దిగిపోదు, పగలు తేమ చప్పున ఆరదు. కాండం చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాలి. అక్కడ తడి పొట్టు ఆనుకుని ఉంటే కాండం మొదలు మెత్తబడుతుంది.

ఇప్పుడు ఆకు చదవడం. చలి దెబ్బ ఒక పద్ధతిలో కనిపిస్తుంది. బాగా చల్లటి రాత్రి గడిచాక మూడు రోజులకో వారానికో, ఎండ తగిలే వైపు ఆకుల మీద రాగి రంగు పొర వేసినట్టవుతుంది. చల్లబడి మొద్దుబారిన ఆకు మీద తూర్పు ఎండ నేరుగా పడితే, ఆ వెలుగుని వాడుకోలేక ఆకు లోపలి పచ్చదనం విరిగిపోతుంది. అందుకే తూర్పు బాల్కనీలో కుండీలకు డిసెంబర్లో ఉదయం తొమ్మిది దాకా పలచటి గ్రీన్ నెట్ చాలు, చలి కాపుదల దానంతటదే జరుగుతుంది.

చలి కాకుండా చలి లాగా కనిపించేవి నాలుగు. ముదురు మట్టల మీద నారింజ చుక్కలు, కొసలు కాలినట్టు ముడుచుకోవడం, ఆకుని ఎండకెత్తి చూస్తే చుక్కలు మెరవడం, ఇది పొటాష్ లోపం. ముదురు ఆకు అంచులు నిమ్మపండు రంగులోకి తిరిగి మధ్య ఈనె దగ్గర మాత్రం పచ్చగా ఉంటే మెగ్నీషియం. కొత్త ఆకే చిన్నదై, నిప్పుకి చూపినట్టు ముడతలు పడి వస్తే మాంగనీస్. ఈ మూడోది ఫిబ్రవరి, మార్చిల్లో బాగా బయటపడుతుంది, ఎందుకంటే చలిలో నిద్రపోయిన వేరు మాంగనీస్ తీసుకోలేదు. ఆ కొరత నెలల తర్వాత విచ్చుకున్న ఆకులో కనిపిస్తుంది. బోరు నీళ్ళ సున్నపు గుణం, చెట్టుని లోతుగా పాతిపెట్టడం రెండూ దాన్ని ముదరబెడతాయి. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకి 3 గ్రాములు కలిపి కొత్త ఆకుల మీద పిచికారీ చేసి, పాదులో 50 నుంచి 100 గ్రాములు వెయ్యాలి. పాడైన ఆకు బాగుపడదు, తర్వాతి ఆకు బాగుంటుంది.

నాలుగోది ఆకు మీద నల్లటి మసి. అది చలిదీ కాదు, కాలుష్యానిదీ కాదు. పై ఆకు అడుగు భాగం చూడండి. తెల్లటి మైనపు పోగులు సుడులు సుడులుగా తిరిగి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో మొదటిసారి కనిపించి దక్షిణాది కొబ్బరి తోటలన్నీ చుట్టబెట్టింది. చలికాలపు పొడి రోజులు దానికి అనువు. గట్టి నీటి ధారతో ఆకు అడుగులు కడగండి, ఉదయం పూట, మొవ్వులో నీళ్ళు నిలవకుండా. మసికి 1 శాతం గంజి పిచికారీ చేస్తే ఎండాక పెచ్చులుగా రాలిపోతుంది. ఘాటు రసాయనాల జోలికి పోవద్దు. ఆ దోమలో గుడ్లు పెట్టి దాన్ని అణిచే చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి ఒకటి ఉంది, మందు కొడితే ముందు చచ్చేది అది.

మొవ్వు బాగుందా లేదా తేల్చుకునే పరీక్ష ఒక్కటే. నడిమధ్య ఇంకా విచ్చుకోని ఈటెలాంటి ఆకుని మొదలు దగ్గర పట్టుకుని, మెల్లగా పైకి లాగండి. బిగువుగా నిలబడితే బాధ లేదు. చేతిలోకి ఊడొచ్చి, మొదలు గోధుమరంగు జిగటగా, పులిసిన కల్లు వాసన కొడితే మొవ్వు కుళ్ళు మొదలైనట్టే. కొబ్బరిలో దీనికి మూలం ఫైటోఫ్తోరా అనే శిలీంద్రం లాంటి సూక్ష్మజీవి. ఈశాన్య రుతుపవనాల ముసురు తర్వాత చలి పట్టుకున్న రోజులు దానికి పండగ. అప్పటికి కూడా అంతా అయిపోయినట్టు కాదు. కుళ్ళిన భాగం పదునైన కత్తితో తెల్లటి గట్టి కండ కనిపించేదాకా తీసేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసి, వాననీళ్ళు పడకుండా పాలిథీన్ కవరు వదులుగా కప్పాలి, కొత్త మొలక పైకొచ్చేదాకా. చుట్టుపక్కల చెట్లకి 1 శాతం బోర్డో మిశ్రమం ముందు జాగ్రత్తగా కొట్టాలి.

బోర్డో మిశ్రమం చెయ్యడం తెలిసినవాళ్ళు తగ్గిపోయారు గనక కొంచెం వివరంగా. రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకోండి, ఇనుపవి పనికిరావు. ఒకదాంట్లో 5 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల మైలుతుత్తం. ముద్దలుగా ఉంటే గుడ్డలో మూటకట్టి రాత్రి నీళ్ళలో వేలాడదీస్తే తెల్లారేసరికి కరిగిపోతుంది. ఇంకోదాంట్లో 5 లీటర్లలో 100 గ్రాముల సున్నం కలిపి, పలచటి గుడ్డలో వడపోయండి, లేకపోతే స్ప్రేయర్ ముక్కు మూసుకుంటుంది. తర్వాత తుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలపాలి. తిరగేసి పోస్తే పెరుగు విరిగినట్టు అవుతుంది. ఆకాశపు రంగు చిక్కటి ద్రవం వస్తుంది. అందులో మెరుగు పెట్టిన చాకు మొన నిమిషం ముంచి తియ్యండి. దాని మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం తక్కువైంది, ఇంకాస్త కలపండి. ఆ పూత పోయేదాకా చెట్టుకి కొట్టకూడదు, ఆకు మాడుతుంది. కలిపిన రోజే వాడెయ్యాలి, నిలవ ఉంచితే బలం పోతుంది. పేస్టుకైతే అదే 100, 100 గ్రాములకి మొత్తం ఒక్క లీటరు నీళ్ళు. ఇంత శ్రమ ఎందుకనుకునేవాళ్ళు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరుకి 3 గ్రాములు కలిపి, మొవ్వు చుట్టూ 200, 300 మిల్లీలీటర్లు పోయవచ్చు. పది రోజులాగి ఇంకోసారి. మంచిదే కదా అని ప్రతి వారం పోస్తే రాగి పేరుకుని అదే విషమవుతుంది.

కత్తి సంగతి. సంక్రాంతికి గేటు దగ్గర శుభ్రంగా కనిపించాలని మట్టలన్నీ కొట్టేసి, తల మీద చీపురుకట్టలా మూడు ఆకులు వదిలేస్తారు. పామ్ చెట్టు పొటాష్‌ని ముదురు మట్టల్లోంచి లాగి కొత్త ఆకుకి పంపుతుంది. పసుపెక్కిన మట్ట దానికి గోదాము. దాన్ని కోసేస్తే ఆ పై మట్ట పసుపెక్కుతుంది, దాన్నీ కోస్తే దాని పైది. పైగా పచ్చి కోత వాసనకి ఎర్ర ముక్కు పురుగు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. కొబ్బరి, ఖర్జూరం, ఈత దేన్నీ వదలదు. తెల్లవారుజాము చలి విరిగే ఫిబ్రవరి చివరిదాకా ఎండిపోయి వేలాడే మట్టలు తప్ప ఏదీ ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా గడియారంలో తొమ్మిదికీ మూడుకీ మధ్య గీసిన గీత కంటే పైనున్న మట్టలు అసోసియేషన్ సెక్రెటరీ చెప్పినా కోయకండి.

కొత్తగా నాటడం, పెద్ద చెట్లు క్రేన్‌తో తరలించడం కూడా నవంబరు నుంచి జనవరి దాకా వద్దు. తవ్వినప్పుడు తెగిన వేళ్ళ స్థానంలో కొత్తవి రావాలంటే మట్టి వెచ్చగా ఉండాలి. మార్చి, ఏప్రిల్‌లో నాటి నీళ్ళు చూసుకుంటే జూన్ వానలకి నిలదొక్కుకుంటుంది. బిల్డరు ఫ్లాట్లు అప్పగించే తేదీ చూసుకుని డిసెంబర్లో వరసగా నిలబెట్టిన రాయల్ పామ్‌లకి వెదురు కర్రల ఊతం, గోనెపట్టా చుట్టడం కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని ఉగాదికి బోడిగా మిగలడం వింతేమీ కాదు.

ఇంతదాకా గడ్డకట్టని చలి. నిజంగా మంచు పట్టే చోట్ల సంగతి రెండు రకాల వాళ్ళకి అవసరం. ఊటీ, కొడైకెనాల్, లంబసింగి వైపు స్థలాలు కొన్నవాళ్ళకి, అమెరికాలో టెక్సాస్‌లోని డల్లాస్, ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి అడిగే చుట్టాలకి.

కొండల మీద మంచు పట్టేది ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రి. అప్పుడు నేల వేడి నేరుగా పైకి పోతుంది, ఆకు చుట్టూ ఉన్న గాలి కంటే ఆకే ఎక్కువ చల్లబడుతుంది. అందుకే తల ఎత్తున పెట్టిన థర్మామీటరు 3 చూపిస్తున్నా పచ్చిక మీద తెల్లటి పొర ఉంటుంది. చల్లటి గాలి బరువు గనక నీళ్ళలా పల్లానికి జారి చేరుతుంది. అలాంటి స్థలంలో పామ్‌ని లోయ అడుగున కాకుండా వాలు మధ్యలో, గోడకి దక్షిణం వైపు నాటితే సగం పని అయిపోతుంది. ఈ రకం చలికి గుడ్డ కప్పు చాలు. టెక్సాస్‌లో వచ్చేది రెండో రకం, ఉత్తరాన్నించి గాలితో దూసుకొచ్చే చలి. దానికి వట్టి గుడ్డ ఆగదు, లోపల వేడి పుట్టించేది కూడా ఉండాలి. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో మైనస్ 19కి దిగింది. అక్కడ నాటిన మెక్సికన్ ఫ్యాన్ పామ్ మైనస్ 10 దాటితే కష్టమైన జాతి, గుంపులు గుంపులుగా పోయాయి. మైనస్ 15 దాకా ఆగే విండ్‌మిల్ పామ్‌లలో కొన్ని, ఇంకా గట్టిదైన నీడిల్ పామ్ కోలుకున్నాయి. కాబట్టి అక్కడ కొత్తగా నాటేవాళ్ళు ముందు జాతి ఎంచుకోవాలి, రక్షణ తర్వాతి మాట.

ఉన్నదాన్ని కాపాడాలంటే చలి రావడానికి ఒక రోజు ముందు మట్టి బాగా తడపాలి. తడి మట్టి పొడి మట్టి కంటే పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. మొవ్వులో మాత్రం చుక్క నీళ్ళుండకూడదు. పాదులో 10 సెంటీమీటర్ల మందాన ఆకులో పొట్టో పరవాలి. మట్టలన్నీ కింద నుంచి పైకి ఎత్తి జనపతాడుతో వదులుగా జడలా చుట్టాలి, అవే మొవ్వుకి దుప్పటి అవుతాయి. తర్వాత పాతకాలం క్రిస్మస్ బల్బుల దండ, ఒక్కో బల్బు 7 వాట్లది, కాండం చుట్టూ, మొవ్వు దగ్గర దగ్గరగా చుట్టండి. 25 బల్బుల దండ 175 వాట్ల వేడిస్తుంది. ఇప్పటి ఎల్ఈడీ దండలు వెలుగే గానీ వేడి ఇవ్వవు, ఈ పొరపాటు ఎక్కువమంది చేస్తారు. దాని మీద ఫ్రాస్ట్ క్లాత్ (మంచు నుంచి మొక్కల్ని కాపాడే గుడ్డ), అది లేకపోతే పాత దుప్పట్లు, నేలదాకా దించి అంచుల మీద ఇటుకలు పెట్టాలి. నేలకి అంటకుండా మెడ దగ్గర కట్టేస్తే మట్టి వేడి లోపలికి రాదు. ప్లాస్టిక్ ఆకుని తాకితే తాకిన చోటల్లా మాడుతుంది. వాడక తప్పకపోతే గుడ్డ పైన మాత్రమే. ఎండ రాగానే కప్పు తెరవకపోతే లోపల ఉడికిపోతుంది. కుండీల్లో ఉన్నవాటికి ఇంత హడావిడి అక్కర్లేదు, గ్యారేజీలోకి లాగెయ్యండి. నేలలో వేరు తట్టుకునే చలి కుండీలో వేరు తట్టుకోదు.

మంచు వదిలాక ఆకులన్నీ గడ్డి రంగు తిరిగినా కొయ్యొద్దు. మాడిన మట్టలు కూడా వెనకాల ఇంకో చలి వస్తే మొవ్వుకి అడ్డు నిలుస్తాయి. మొవ్వు మీద రాగి మందు ఒకసారి, పది రోజులకి ఇంకోసారి. మార్చిలో చచ్చిందనుకున్న చెట్టు జూన్, జులైలో ఆకు తొడిగే సందర్భాలు చాలా ఉంటాయి గనక, వేసవి సగం గడిచేదాకా రంపం తేకండి.

అంతవరకూ ఊరికే ఎదురుచూడకుండా ఒక పని చెయ్యవచ్చు. మధ్య ఈటె ఆకు మీద, పక్క మట్ట మొదలుకి సరిగ్గా సమానంగా, పర్మనెంట్ మార్కరుతో రెండిటి మీదుగా ఒక అడ్డగీత గియ్యండి. బెంగళూరు కుండీకైనా డల్లాస్ పెరటికైనా ఇదే పద్ధతి. వారానికోసారి చూడండి. చలి నెలల్లో గీత కదలకపోవచ్చు, కంగారు పడొద్దు. ఎండ ముదిరాక ఈటె మీది గీత పక్క గీత కంటే అర సెంటీమీటరు పైకి జరిగి కనిపిస్తే లోపల మొవ్వు పని చేస్తోందన్నమాట. ఆ వారం నుంచే మళ్ళీ నీళ్ళు పెంచవచ్చు.